ఇస్త్రీ చేసిన నాప్కిన్

మేయో వాళ్ళ మొహమాటం ముందు ఎవరి మొహమాటమైనా దిగదుడుపే. ఐర్లండ్‌కి పడమటి కొసనున్న ఆ జిల్లాలో ఎవరింటికైనా వెళ్తే, టీ తాగుతావా అని అడిగినప్పుడు వద్దనాలి. అయ్యో, కొంచెమైనా తాగవా అంటే అబ్బే వద్దనాలి. మూడోసారి బతిమాలినప్పుడు మాత్రం, మీ మాట కాదనలేక అంటూ కప్పు అందుకోవాలి. మొదటిసారే ఊఁ అన్న పిల్లని కరువులో పుట్టిందంటారు. నూలా రువాన్ అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఆ మర్యాదంతా సూట్‌కేసులో సర్దుకుని పువాతియేకి చదువుకోవడానికి వచ్చింది. పాతకాలపు రాజుల చరిత్ర చదవాలంటే ఫ్రాన్స్‌లో అంతకంటే మంచి ఊరు లేదని వాళ్ళ ప్రొఫెసర్ చెప్పాడు. ఆ ఊళ్ళో మనుషులు సూప్ వడ్డించే పద్ధతి గురించి మాత్రం ఆయన ఒక్క ముక్క చెప్పలేదు.

నూలాకి మదాం తిబోదో ఇంట్లో గది దొరికింది. నోత్రదామ్ చర్చి వెనక సందులో మూడంతస్తుల పాత మేడ, ఇంటివాళ్ళుండేది నడిమి అంతస్తులో. మదాం అంతకుముందు ఆ సందు మొదట్లోనే దారాలూ గుండీలూ అమ్మే దుకాణం నడిపింది. అది మూసేశాక పైఅంతస్తులో రెండు గదులు యూనివర్సిటీ పిల్లలకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. భోజనం కూడా ఇంటివాళ్ళతోనే. ఆవిడ మంచి మనిషే కాని ఏ మాటా రెండోసారి అడగదు. దుకాణంలోనూ అంతేనట. ఈ గుండీ నచ్చిందా అని అడిగితే నసిగినవాళ్ళ ముందు డబ్బా మూసేసేదని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నూలా వచ్చిన సాయంత్రం బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. మూడో మనిషి మదాం భర్త అర్మాన్, రైల్వేలో రిటైరైనవాడు.

"ఇంకొంచెం సూప్ వెయ్యనా?" అంది మదాం.

"వద్దండి."

గిన్నె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మేక చీజ్?"

"అబ్బే, వద్దండి."

పళ్ళెం కూడా వెళ్ళిపోయింది. రెండోసారి అడుగుతుందేమోనని నూలా ఆశగా చూసింది. అడగలేదు. చివర్లో మదాం బల్ల సొరుగు లాగి, కొమ్ముతో చేసిన చిన్న కడియం లాంటిదేదో తీసి, దాన్ని చూపిస్తూ గబగబా ఏదో అడిగింది. ప్రయాణం బడలికలో ఆ ఫ్రెంచి నూలాకి సగమే బోధపడింది. ఏదో ఇస్తానంటోందని మాత్రం తెలిసింది.

"వద్దండి, మీకెందుకు శ్రమ" అంది.

మదాం ఒక్క క్షణం ఆమె వంక చూసి, కడియం లోపల పెట్టి సొరుగు మూసేసింది. నూలా అర్ధాకలితో పైకి వెళ్ళింది.

మర్నాటి నుంచి ఆమె పళ్ళెం పక్కన పూటపూటకీ ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లటి నాప్కిన్ ఉండేది. భార్యాభర్తలకు మాత్రం చెరో కడియం, అందులో చుట్టి పెట్టిన వాడిన నాప్కిన్. సోమవారం ఉతికితే మళ్ళీ సోమవారం దాకా దానితోనే మూతి తుడుచుకునేవాళ్ళు. అర్మాన్ తన పాత రైల్వే స్నేహితులతో చేపలు పట్టడానికి ఊరెళ్ళినా, ఆయన నాప్కిన్ వైన్ మరకతో సహా కడియంలో అలాగే ఉండేది.

"ఇది ఉతకరా?" అని నూలా ఒకసారి అడిగింది.

"ఎందుకూ? తిరిగొచ్చే మనిషిదేగా" అంది మదాం.

నూలా మర్యాదగా నవ్వింది. లోపల మాత్రం చంకలు గుద్దుకుంది. ఇంటివాళ్ళకే లేని వైభోగం తనకి జరుగుతోంది మరి! చర్చి ముందున్న టెలిఫోన్ బూత్‌లోంచి తల్లికి ఫోన్ చేసి చెప్పింది. "పూటకో ఇస్త్రీ నాప్కిన్ అమ్మా! హోటల్లో కూడా ఇలా చూడరు." తల్లి పొంగిపోయి ఆ మాట వీధి వీధంతా చెప్పుకుంది.

క్రిస్మస్ సెలవులయ్యాక రెండో గదిలోకి ఫెమ్కె దిగింది. హాలండ్‌లో క్రోనింగెన్ నుంచి వచ్చింది. ద్వారబంధానికి నుదురు కొట్టుకునేంత పొడుగు మనిషి. తనూ చదివేది చరిత్రే. మొదటి సాయంత్రం ఆ పిల్ల భోజనం చేసిన తీరు చూసి నూలాకి తల కొట్టేసినట్టయింది.

"ఇంకొంచెం సూప్ వెయ్యనా?"

"వెయ్యండి."

"చీజ్?"

"ఊఁ, ఆ పెద్ద ముక్క ఇవ్వండి."

మదాం సొరుగు లాగి చెక్క కడియం ఒకటి తీసింది. "మరి ఇది కావాలా?"

"కావాలి" అంది ఫెమ్కె, నోట్లో చీజ్ ఉండగానే.

ఆ వారమంతా ఫెమ్కె ఒకే నాప్కిన్ వాడింది. బుధవారానికి దాని మీద టమాటా మరక, శుక్రవారానికి ఆవాల ముద్ద మరక. పక్కనే నూలా నాప్కిన్ మంచులా తెల్లగా మెరుస్తోంది. పాపం, వాళ్ళ దేశంలో ఇంతేనేమో, అని నూలా జాలిపడింది. ఆ జాలిలో ఎంత తియ్యదనం ఉందో జాలిపడేవాళ్ళకే తెలుస్తుంది.

ఆ తియ్యదనం కాస్తా ఫిబ్రవరిలో ఒక ఆదివారం విరిగిపోయింది. ఆ రోజు మదాం చెల్లెలు ఒడీల్ భోజనానికి వచ్చింది. ఆవిడ నోరు తెరిస్తే నవ్వే. కూర్చుంటూనే తన పళ్ళెం పక్కనున్న ఇస్త్రీ నాప్కిన్‌నీ, నూలా పళ్ళెం పక్కనున్నదాన్నీ చూసి కన్నుగీటింది.

"ఏమ్మాయ్, ఈ పూట చుట్టాలం మనిద్దరమే అన్నమాట!"

"చుట్టాలమా?" అంది నూలా.

"కాక? కడియాలున్నవాళ్ళు ఇంటివాళ్ళు. ఇస్త్రీ గుడ్డలవాళ్ళు చుట్టాలు. ఎవరింట్లోనైనా ఇదే లెక్క. ఒకప్పుడు మా అమ్మ బల్ల దగ్గర నాకూ ఉండేదిలే కడియం. పెళ్ళయి వెళ్ళానో లేదో, మా అక్క లాగేసుకుంది."

"ఇప్పుడు నీ ఇంట్లో నీకో కడియం ఉందిగా, ఇక్కడెందుకే" అంది మదాం. "ఫెమ్కె, ఆ ఉప్పు ఇలా ఇయ్యి."

నూలా గొంతులో బంగాళాదుంప అడ్డం పడింది. సెప్టెంబర్ నుంచీ తను ఈ ఇంట్లో చుట్టం! నిన్నగాక మొన్న వచ్చిన ఫెమ్కె ఇంటి మనిషి! తల్లికి చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. చేతిలోని తెల్లటి గుడ్డని చూస్తే ఒళ్ళు మండింది.

ఆ రోజు మొదలు ఆమెకి ఫెమ్కె తప్ప వేరే లోకం లేదు. ఇంతకుముందు కంటికి ఆననివన్నీ ఇప్పుడు కంట్లో నలుసులయ్యాయి. అర్మాన్ బజారుకి వెళ్తూ ఫెమ్కెని రమ్మంటాడు. మదాం గోరువెచ్చటి పాల గిన్నె ఫెమ్కె వైపే జరుపుతుంది. నన్నడిగితే వద్దన్నాననుకో, అయినా రెండోసారి అడిగితే సొమ్మేం పోయింది? క్లాసులోనూ అంతే. ప్రొఫెసర్‌ని ఫెమ్కె మధ్యలో ఆపి, "మీరు చెప్పింది నాకర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటుంది. ఆయన కోప్పడతాడని నూలా కాచుకుని కూర్చుంటే, ఆయన మురిసిపోయి మళ్ళీ చెప్తాడు. ఫెమ్కె పుస్తకాల సంచి, ఫెమ్కె తుమ్ము, ఫెమ్కె పొడుగు కాళ్ళు, అన్నీ నూలాకి పడలేదు.

వీటన్నిటికంటే ఎక్కువగా కోసిన సంగతి ఇంకొకటుంది. మదాం ఫెమ్కెని తిట్టేది. ఫెమ్కె మెట్లు దిగుతుంటే కిందనుంచి కేక వేసేది. "ఆ చప్పుడేంటే, మనిషివా గుర్రానివా? పొరుగువాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు!" ఫెమ్కె ఫక్కున నవ్వేది. నూలా పిల్లిలా దిగేది కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరోజు కావాలని చప్పుడు చేస్తూ దిగింది. మదాం బయటికొచ్చి, "కాలు జారిందా అమ్మా? దెబ్బ తగల్లేదు కదా?" అని ఆదుర్దాగా అడిగింది. చుట్టాలని ఎవరు తిడతారు? నూలా గదిలోకెళ్ళి ఏడ్చింది.

ఏప్రిల్‌లో ఇక ఉండబట్టలేక, పాత సామాన్ల సంతకి వెళ్ళి వెండిపూత కడియం ఒకటి కొంది. ఒక పక్క సొట్టపోయినా మెరుపు తగ్గలేదు. అడిగే నోరు లేనప్పుడు కొనుక్కోవడమే దారి అనుకుంది. భోజనాల వేళకి ముందే దిగి, దాన్ని తన పళ్ళెం పక్కన పెట్టుకుని కూర్చుంది. మదాం సూప్‌తో వచ్చి, కడియం చూసి ఆగింది.

"ఇదేంటి?"

నాది, అనాలి. చిన్న మాట. ఆ మాట గొంతు దాకా వచ్చి, మొహమాటానికి గుద్దుకుని వెనక్కి పోయింది.

"మీ కోసమే. చూడగానే మీరు గుర్తొచ్చారు" అంది నూలా.

"నాకా!" మదాం గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని కడియం అందుకుంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఎందుకే తల్లీ నీకీ ఖర్చు! అర్మాన్, చూశావా? ఎంత బావుందో! దీన్ని వాడను బాబూ, అరిగిపోతుంది." కడియం అద్దాల బీరువాలోకి, పెళ్ళినాటి ప్లేట్ల పక్కకి వెళ్ళిపోయింది. నూలా తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఇస్త్రీ నాప్కిన్ ఒళ్ళో పరుచుకుంది. అప్పటినుంచి తను కొనుక్కున్న కడియం అద్దంలోంచి తనని వెక్కిరిస్తుంటే ఆమె భోజనం చేసింది.

మే నెలలో ఒక పండగపూట అర్మాన్ పెద్ద బ్రువాయే తెచ్చాడు. ఆ పక్క చేసే వెన్న బిస్కెట్టు అది, పళ్ళెమంత ఉంటుంది. దాన్ని కత్తితో కొయ్యరు. ఎవరో ఒకరు నడిమధ్యన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే ముక్కలవుతుంది, తలా ఓ ముక్క తీసుకుంటారు. గుద్దే అవకాశం కోసం ఇంట్లో పిల్లలు కొట్టుకుంటారు. ఫెమ్కె వచ్చాక తెచ్చిన రెండుసార్లూ ఫెమ్కే గుద్దింది.

"ఈసారి నూలా వంతు" అన్నాడు అర్మాన్ పళ్ళెం జరుపుతూ.

"అబ్బే, నేనెందుకండీ, ఫెమ్కెని గుద్దమనండి."

"సరే, ఫెమ్కె, కానీ." పళ్ళెం బల్ల మీద అటు జారిపోయింది. ఫెమ్కె చొక్కా చెయ్యి పైకి లాక్కుంది.

అంతే. నూలా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు. బల్ల మీదికి వంగి, ఫెమ్కె పిడికిలి దిగే లోపల తన పిడికిలి దించింది. బ్రువాయే ముక్కలవడం కాదు, పిండైపోయింది. ఒక పెచ్చు వెళ్ళి అర్మాన్ వైన్ గ్లాసులో పడింది. ఇంకొకటి మదాం జుట్టులో చిక్కుకుంది.

"ఎప్పుడూ దానికేనా?" అంది నూలా. ముఖం కందగడ్డయింది. "అన్నీ దానికే! కడియం కూడా దానికే! అది జనవరిలో వచ్చింది. నేను సెప్టెంబర్ నుంచి ఉన్నాను. ఇంకా చుట్టాన్నే! ఇంకా ఇస్త్రీ గుడ్డే! నేనేం పాపం చేశానండీ మీకు?"

 మదాం జుట్టులోంచి బిస్కెట్టు ముక్క తీసి, పళ్ళెం అంచు మీద పెట్టింది.

"నువ్వు వద్దన్నావు" అంది.

"నేనా? ఎప్పుడు?"

"వచ్చిన రోజే. ఈ సొరుగే లాగి, కొమ్ము కడియం చూపించి, మా ఇంట్లో మనిషిలా ఉంటావా, ఇది నీకివ్వనా అని అడిగాను. వద్దండి, మీకెందుకు శ్రమ అన్నావు. ఈ పిల్లకి తన ఇల్లు తనకుంది, మనం అక్కర్లేదు కాబోలు అనుకున్నాను. నొచ్చుకున్నాను కూడా. అయినా చుట్టంలా ఉంటానన్న మనిషికి చుట్టం మర్యాద చెయ్యాలి కదా. పూటకో గుడ్డ ఉతికి ఇస్త్రీ చెయ్యడం నాకు సరదా అనుకున్నావా? భుజం పడిపోయింది."

"ఇస్త్రీ చేసినంతసేపూ సణుగుడే. 'ఈ రాణిగారెప్పుడు దిగొస్తుందో' అని" అన్నాడు అర్మాన్, గ్లాసులోని పెచ్చుని చెంచాతో వేటాడుతూ.

"నువ్వూరుకో!"

నూలా కూలబడింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగి మరీ పెడతానంటే వద్దన్నవాళ్ళకి ఎవరు పెడతారు? ఇన్నాళ్ళూ ఫెమ్కె లాక్కుందనుకున్నది తన నోటితో తనే తోసేసుకుంది. ఆ సంగతి తెలిసినా ఫెమ్కె మీద మంట చల్లారలేదు, ఇంకా రాజుకుంది. తప్పు అవతలివాళ్ళదైతే ఎంత బావుండేది!

మదాం సొరుగు లాగింది. కొమ్ము కడియం తీసి అరచేతిలో పెట్టుకుని చూపించింది.

"కావాలా?"

"అబ్బే, ఇప్పుడెందుకండీ, మీకు మళ్ళీ..." అంది నూలా నాలుక, నూలాని అడక్కుండానే.

మదాం చెయ్యి సొరుగు వైపు వెళ్ళింది. ఫెమ్కె పొడుగు చెయ్యి చాపి సొరుగుకి అడ్డం పెట్టింది.

"ఆగండి మదాం. దాని మాట నమ్మకండి. కాఫీ ఇస్తానన్నా వద్దంటుంది, తర్వాత నా కప్పు వంకే చూస్తూ కూర్చుంటుంది. మొన్న నేను పొరపాటున మూడోసారి అడిగితే అప్పుడు తాగింది. రెండు కప్పులు! వాళ్ళకి మూడుసార్లు అడగాలనుకుంటా."

"మూడుసార్లా?" అన్నాడు అర్మాన్. "మా ఆవిడ పెళ్ళి చేసుకుంటావా అనే ఒక్కసారి అడిగింది నన్ను!"

"ఈ సంగతి తెలిసీ నాకెందుకు చెప్పలేదే?" అంది మదాం ఫెమ్కెతో.

"మీరు అడగలేదుగా" అంది ఫెమ్కె.

నూలాకి తల ఎత్తాలనిపించలేదు. చివరికి తన మనసులో ఉన్నది కూడా ఫెమ్కే చెప్పాలి! తన ఆకలీ, తన చూపులూ అన్నీ ఆ పిల్ల కనిపెట్టి దాచుకుంది. ఆ కడియం విసిరికొట్టి పైకి వెళ్ళిపోతే, కనీసం ఫెమ్కె దయ వల్ల దక్కిందన్న మాట ఉండదు. వెళ్ళిపోవాలనే అనుకుంది కూడా.

"నేను మూడుసార్లు అడగను" అంది మదాం. "నా వల్ల కాదు. ఒక్కసారి అడిగాను. చెయ్యి ఇంకా చాపే ఉంచాను, చూడు."

నూలా ఆ అరచేతిని చూసింది. సూదులు గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు, మధ్యలో పసుపురంగు కొమ్ము కడియం.

"కావాలి" అంది. మాట సరిగా బయటికి రాలేదు. మళ్ళీ అంది. "నాకు కావాలండి."

"హమ్మయ్య" అంది మదాం. నూలా ఒళ్ళోని నాప్కిన్ లాగి, ఉన్నపళంగా చుట్టి కడియంలో దూర్చింది. "రేపూ ఇదే. ఎల్లుండీ ఇదే." అంతలో ఏదో తట్టినట్టు బీరువా వైపు తిరిగింది. "అయితే ఆ వెండిది..."

"నా కోసం కొనుక్కున్నాను" అంది నూలా.

అర్మాన్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మదాం మాత్రం నవ్వలేదు. "ఇచ్చింది ఇచ్చినట్టే. అది నాదే" అంది గట్టిగా.

అలా నూలా ఇంటి మనిషైంది. అప్పటికి చదువు నెలన్నర మిగిలింది. ఆ నెలన్నరా ఆమె ఫెమ్కె నాప్కిన్ వంక ఓరగా చూస్తూనే ఉంది. తన దాని మీద స్ట్రాబెర్రీ మరక పడితే, అటువైపు దాని మీద ఎన్ని మరకలున్నాయో పోల్చుకునేది. ఇలాంటి జబ్బులు ఒక్క కడియంతో నయమవుతాయా?

జూన్ చివర ముందు ఫెమ్కె బయలుదేరింది. పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టాక మదాం అడిగింది.

"మళ్ళీ వస్తావా?"

ఫెమ్కె నిజంగానే ఆలోచించింది. "రాననుకుంటానండి. చదువైపోతే ఉద్యోగం వెతుక్కోవాలి. మీరు బాగా చూసుకున్నారు. కాని రాను."

మదాం తలూపి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక సొరుగు లాగి, చెక్క కడియంలోంచి నాప్కిన్ తీసి మాసిన బట్టల బుట్టలో వేసింది. ఖాళీ కడియాన్ని కాసేపు ఏప్రన్‌తో తుడిచింది. "అబద్ధం చెప్పదు. మంచి పిల్ల" అంది ఎవరితోనో.

తర్వాతి వారం నూలా వంతు వచ్చింది. మదాం ఆమె నాప్కిన్ అప్పటికే చేతిలోకి తీసుకుని, బుట్ట పక్కనే నిలబడి ఉంది.

"మరి నువ్వు? మళ్ళీ వస్తావా?"

మేయోలో ఈ ప్రశ్నకి జవాబు పుట్టుకతోనే నేర్పుతారు. అయ్యో, మీకెందుకు శ్రమ, చూద్దాం, దేవుడి దయ ఉంటే, అనాలి. అంటే రానని కాదు, వస్తానని కాదు. నూలా నోరు తెరిచింది.

"వస్తాను" అంది.

అన్నాక గుండె ఝల్లుమంది. ఈ ఇంట్లో ఒకసారి అంటే అన్నట్టే. ఈవిడ దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మదాం మారుమాట అడగలేదు. చేతిలోని నాప్కిన్‌ని మరకలు లోపలికి వచ్చేలా చుట్టి, కొమ్ము కడియంలో దూర్చి, అర్మాన్ కడియం పక్కన సొరుగులో పెట్టింది. ఆ పక్కనే చెక్క కడియం నోరు తెరుచుకుని ఖాళీగా పడి ఉంది. దాన్ని చూసి నూలాకి సంతోషం వేసింది. పాపమే, కాని వేసింది.

"ఇంక నడు, రైలు నీ కోసం ఆగదు" అంది మదాం సొరుగు మూసేస్తూ.

నూలా సూట్‌కేసు పట్టుకుని వీధిలోకి మెట్లు దిగడం మొదలుపెట్టింది. బరువుకి పెట్టె మెట్టుమెట్టుకీ ధనధన కొట్టుకుంటోంది. పైనుంచి కేక వినపడింది.

"ఆ చప్పుడేంటే, మనిషివా గుర్రానివా?"

మిగిలిన మెట్లు నూలా ఇంకా గట్టిగా చప్పుడు చేస్తూ దిగింది.